తప్పుడు హార్డ్‌వేర్ వివరణల కోసం పెట్టిన పాత అతుకులను కెర్నల్ నుంచి ఎప్పుడు, ఎలా తీయాలి?

టంకం:

సభ్యులందరికీ నమస్కారం. మా సంస్థ తయారుచేసే నియంత్రణ బోర్డులకు లైనక్స్ కెర్నల్ సిద్ధం చేసే పని నాది. అన్నీ ఆర్మ్ ప్రాసెసర్ బోర్డులే. మేం విడిగా ఉంచుకునే కెర్నల్ ప్రతిలో 2013 నాటి అతుకు ఒకటి ఉంది. మొదటి విడత బోర్డుల డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడ ఉందో కెర్నల్‌కు చెప్పే వివరణలో, మెమరీ నోడుకు (మెమరీని వివరించే పద్దుకు) ‘డివైస్ టైప్’ అనే గుణం రాయడం ఎవరో మరిచిపోయారు. అది లేకపోతే ఆ నోడు మెమరీని వివరిస్తోందని కెర్నల్‌కు తెలియదు. ఆ ట్రీని బూట్‌లోడర్‌తో (కెర్నల్‌ను లేపే ప్రోగ్రాంతో) కలిపి ఫ్లాష్‌లోకి ఎక్కించి బోర్డులను పంపేశారు కాబట్టి, తప్పు తెలిసేసరికి దిద్దే వీలు లేకపోయింది. అప్పటి ఇంజినీరు గారు ఆ గుణం ఉన్నా లేకున్నా, పేరు ‘మెమరీ’తో మొదలయ్యే ప్రతి నోడునూ మెమరీగానే లెక్కించమని పదకొండు పంక్తుల కోడు రాసి సమస్యను దాటించారు. ఆ కోడు మీద ‘మొదటి బోర్డు కోసం’ అన్న వ్యాఖ్య తప్ప మరే వివరమూ లేదు. ఆయన ఉద్యోగం మారి చాలా ఏళ్లయింది.

ఆ విడత బోర్డులన్నీ వాడకంలోంచి తప్పుకున్నాయని అమ్మకాల విభాగం అంటోంది. కొత్త కెర్నల్‌కు మారిన ప్రతిసారీ ఈ పదకొండు పంక్తులను చేత్తో మళ్లీ కూర్చవలసి వస్తోంది. ఒక్క ప్యాచ్‌తో తీసేద్దామని ఉంది. ఇలాంటి పని చేసిన అనుభవం ఉన్నవారు ముందుగా ఏమి చూసుకోవాలో చెప్పగలరా?

గట్టుమీది కెర్నల్:

టంకం గారూ, మీ అతుకుకు అన్నగారి లాంటిది అసలు కెర్నల్‌లోనే ఉండేది. దాని కథ తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

లాంగ్‌ట్రెయిల్ అనే 1990ల నాటి పవర్‌పీసీ ప్రాసెసర్ బోర్డు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాం) కూడా మెమరీ నోడుకు డివైస్ టైప్ ఇచ్చేది కాదు. అందుకని మెమరీని వెతికే ఫంక్షన్‌లో, డివైస్ టైప్ లేకపోతే నోడు పేరు సరిగ్గా ‘మెమరీ@0’ అవునో కాదో చూసి, అయితే ఒప్పుకోమని ఒక చిన్న షరతు పెట్టారు. ‘లాంగ్‌ట్రెయిల్‌లో ఈ గుణం ఉండదు’ అని దాని మీద వ్యాఖ్య కూడా ఉండేది. అంతవరకు సబబే. తరువాత డివైస్ ట్రీ పవర్‌పీసీని దాటి ఆర్మ్‌కు, మిప్స్‌కు విస్తరించినప్పుడు ఆ ఫంక్షన్ అందరికీ ఉమ్మడి అయింది, దానితో పాటు ఈ షరతు కూడా అన్ని ఆర్కిటెక్చర్లకూ వచ్చి చేరింది.

2014లో దీన్ని 32-బిట్ పవర్‌పీసీకి మాత్రమే పరిమితం చేయాలని ప్యాచ్‌లు వచ్చాయి. గమనించవలసినది ఆ ప్యాచ్‌ల వరుసను. షరతును బిగించే ప్యాచ్ చివరిది. దానికంటే ముందు వచ్చినవి, ఒక ఆర్మ్ బోర్డుకు, కొన్ని మిప్స్ బోర్డులకు డివైస్ ట్రీ ఫైళ్లలో లేని డివైస్ టైప్‌ను చేర్చే ప్యాచ్‌లు. ఎందుకంటే లాంగ్‌ట్రెయిల్‌తో ఏ చుట్టరికమూ లేని ఆ బోర్డులు, అదే తప్పు చేసి, ఆ షరతు పుణ్యమా అని ఏళ్ల తరబడి హాయిగా బూట్ అవుతూ వచ్చాయి. వాటిని రాసినవారికి తమ ఫైల్‌లో తప్పున్న సంగతి తెలిసే అవకాశమే లేదు. పవర్‌పీసీకి పరిమితమైన ఆ ముక్కను కొన్నేళ్ల తరువాత పూర్తిగా తీసేశారు.

అందువల్ల మొదటి బోర్డులు ఇంకా ఉన్నాయా అని అడిగితే సరిపోదు. గడచిన పదేళ్లలో ఆ అతుకు మీద తెలియకుండా ఆనుకున్న బోర్డులు ఏవి అన్నది కూడా తేల్చుకోవాలి.

సూటిమాట:

పదకొండు పంక్తులే కదా. పనిచేస్తున్నదాన్ని కదపడం దేనికి? తీసేస్తే మిగిలేది పదకొండు పంక్తుల ఖాళీ, తేడా వస్తే పోయేది కస్టమరు నమ్మకం. నేనైతే ఉంచేస్తాను.

నిదానం:

సూటిమాట గారి మాటను తోసిపుచ్చలేను. చాలా సందర్భాల్లో అదే సరైన నిర్ణయం కూడా. అయితే పాత అతుకు ఎవరినీ ముట్టుకోకుండా ఒక మూల పడి ఉంటుందన్న భావన మాత్రం తప్పు. ఎక్స్86, అంటే మామూలు పీసీల లోకంలో జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను, కొంత నా అనుభవం కూడా కలిసింది కాబట్టి నిడివిని మన్నించాలి.

పీసీఐ పరికరాలకు ఏ చిరునామాల పరిధి ఇవ్వవచ్చో ఏసీపీఐ పట్టికల్లో (హార్డ్‌వేర్‌ను వివరించే పీసీ ఫర్మ్‌వేర్ పట్టికల్లో) సీఆర్ఎస్ అనే మెథడ్ ద్వారా ఫర్మ్‌వేర్ చెబుతుంది. ఏ భాగాలు రిజర్వు అయ్యాయో ఈ820 అనే మరో పట్టిక చెబుతుంది. కొన్ని యంత్రాల ఫర్మ్‌వేర్, వాడకూడని భాగాన్ని కూడా సీఆర్ఎస్ పరిధిలో కలిపి ఇచ్చేది. దానికి విరుగుడుగా 2010లో, సీఆర్ఎస్ ఇచ్చిన పరిధిలోంచి ఈ820 రిజర్వు అన్న భాగాలను కత్తిరించి, మిగిలినదే వాడాలన్న మార్పు చేశారు. ఏ యంత్రాల కోసం చేశారో వాటికే అని షరతు పెట్టలేదు. అన్ని యంత్రాలకూ వర్తించింది.

పదేళ్లు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తరువాత కొన్ని లాప్‌టాప్‌లు వచ్చాయి, వాటి ఈ820 పట్టికలో ఒక్క రిజర్వు పద్దు సీఆర్ఎస్ ఇచ్చిన 32-బిట్ పరిధినంతా కప్పేస్తుంది. కెర్నల్ పాత అలవాటు ప్రకారం కత్తిరిస్తే చివరికి ఏమీ మిగలదు. ఫర్మ్‌వేర్ ముందుగా చిరునామా ఇవ్వని ఏ పరికరానికైనా చోటు దొరకదు. చాలా లాప్‌టాప్‌లలో అలా మిగిలిపోయింది టచ్‌ప్యాడ్ వేలాడే ఐ2సీ కంట్రోలర్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం గాని, నా లాప్‌టాప్‌లోనూ ఇదే జరిగింది. నెల రోజులు యూఎస్‌బీ మౌస్ సంచిలో వేసుకుని తిరిగాను. టచ్‌ప్యాడ్ డ్రైవరే చెడిందనుకుని మూడు డ్రైవర్లు మార్చి చూశాను. చివరికి బూట్ లాగ్‌ను మొదటి పంక్తి నుంచి చదివితే, ఆ కంట్రోలర్ బార్ 0కు (అది అడిగే మొదటి చిరునామా పరిధికి) ‘చోటు లేదు’ అన్న ఒక్క సందేశం కనబడింది. అది టచ్‌ప్యాడ్ పేరు కూడా ఎత్తదు. అక్కడి నుంచి 2010 నాటి మార్పు దాకా తవ్వుకుంటూ పోవడానికి మరో వారం పట్టింది.

ఇప్పుడు దాన్ని ఎలా సరిచేశారో చూడండి. కత్తిరింపును ఒక్కసారిగా తీసేస్తే, 2010లో ఏ యంత్రాల కోసం పెట్టారో అవి మళ్లీ చెడిపోతాయి. అందుకని తెలిసిన లాప్‌టాప్ నమూనాలను డీఎంఐ పేర్ల (ఫర్మ్‌వేర్‌లో రాసి ఉండే తయారీదారు, నమూనా పేర్ల) ద్వారా గుర్తుపట్టి, వాటికి కత్తిరింపు ఆపారు. ఆ పైన 2022లో, బయాస్ (పీసీ ఫర్మ్‌వేర్) తేదీ 2023 లేదా ఆ తరువాతది అయితే అసలు కత్తిరించవద్దని గీత గీశారు. ఎవరికైనా తేడా వస్తే అటూ ఇటూ మార్చుకోవడానికి బూట్ ఆప్షన్లు కూడా ఇచ్చారు. గీతను అప్పటికి ఇంకా రాని సంవత్సరం దగ్గర గీయడం నాకు చాలా నచ్చింది. ఆనాటికి బజారులో ఉన్న ఏ యంత్రం ప్రవర్తనా ఆ రోజున మారలేదు. ఇదే పద్ధతి వేరే సంవత్సరంతో ముందే ఒకటి ఉంది. బయాస్ తేదీ 2008కి ముందుదైన పాత యంత్రాల్లో సీఆర్ఎస్ మాటను సాధారణంగా నమ్మరు.

సూటిమాట:

నిదానం గారూ, తేదీ గీతకు ఒక లోపం ఉంది. బయాస్ తేదీ అంటే యంత్రం పుట్టినతేదీ కాదు. 2014 నాటి లాప్‌టాప్‌కు భద్రతా కారణాలతో 2023 తరువాత కొత్త బయాస్ వస్తే, అది గీతకు అవతలి పక్కకు దూకుతుంది. లోపలి తప్పుడు పట్టిక మాత్రం 2014 నాటిదే.

నిదానం:

నిజమే, అక్కడ మీరు చెప్పింది కాదనలేనిది. అలాంటి యంత్రాల కోసమే ఆ బూట్ ఆప్షన్, పేరుపేరునా గుర్తించే జాబితా రెండూ మిగిలి ఉండాలి. తేదీ ఒక్కటే చాలదు.

అటకమీది మ్యాక్:

ఈ చర్చలో పాత యంత్రాల వాళ్ల తరఫున కూడా ఒకరు మాట్లాడాలి. నా దగ్గర ఒక పాత పవర్‌మ్యాక్ (పవర్‌పీసీతో వచ్చిన ఆపిల్ కంప్యూటర్) ఉంది, ఇప్పటికీ దాని మీద లైనక్స్ నడుస్తుంది. దాని ఓపెన్ ఫర్మ్‌వేర్‌ను ఇక ఎవరూ దిద్దరు. టంకం గారి బోర్డులకు కనీసం తయారుచేసిన సంస్థ బతికే ఉంది, నా యంత్రానికి కెర్నల్‌లో ఉన్న అతుకే దిక్కు.

ఒక ఉదంతం చెబుతాను. డివైస్ ట్రీలో ఒక చిరునామాను ఎన్ని 32-బిట్ గళ్లలో రాస్తారో ‘అడ్రెస్ సెల్స్’, దాని పరిమాణాన్ని ఎన్ని గళ్లలో రాస్తారో ‘సైజ్ సెల్స్’ చెబుతాయి. 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ కాలం నుంచి, ఒక నోడులో ఇవి లేకపోతే దాని పైనున్న నోడులో వెతుక్కునే అలవాటు లైనక్స్ కోడులో ఉండిపోయింది. ఆధునిక డివైస్ ట్రీలో మాత్రం ఇవి స్పష్టంగా రాయాలి. ట్రీని కంపైల్ చేసే డీటీసీ 2007 నుంచే దీని మీద హెచ్చరిస్తోంది. 2024 చివర్లో కెర్నల్ కూడా, ఈ పాత దారిలో వెళితే బూట్ సమయంలో హెచ్చరిక ముద్రించడం మొదలుపెట్టింది. స్పార్క్ యంత్రాల్లో ఆ పాత అలవాటు మీదే ఆధారపడినవి ఉన్నాయని తెలుసు కాబట్టి వాటిని మినహాయించారు.

హెచ్చరిక పెట్టగానే ఏం బయటపడింది? పవర్‌మ్యాక్‌లలో సీరియల్ పోర్టుల కంట్రోలర్ నోడుకు, ఆ తరువాత మీడియా బే (లాప్‌టాప్‌లో డ్రైవ్‌లు మార్చుకునే అర) నోడుకు సైజ్ సెల్స్ లేవని తేలింది. పాతికేళ్లుగా లేవు, ఎవరూ గమనించలేదు. దానితో పవర్‌పీసీ తొలిదశ బూట్ కోడులో వాటిని చేర్చే కొత్త ఫిక్సప్‌లు (దిద్దుబాటు ఫంక్షన్లు) రాయవలసి వచ్చింది. పాత సర్దుబాటును సాగనంపడానికి కొత్త సర్దుబాటును పిలవవలసి వచ్చిందన్నమాట. ఇది నవ్వులాటగా అనిపించవచ్చు గాని, నా లాంటి వాళ్ల యంత్రాలు బూట్ అవుతూ ఉండాలి, నాకు అదే కావాలి.

గట్టుమీది కెర్నల్:

అటకమీది మ్యాక్ గారు చెప్పిన ఉదంతంలో నవ్వవలసినది ఏమీ లేదని నా అభిప్రాయం. ఆ రెండు సర్దుబాట్లకు మధ్య పెద్ద తేడా ఉంది, అదే ఈ చర్చకు కీలకం అనుకుంటున్నాను.

సెల్స్ లేకపోతే పై నోడులో వెతుక్కోవడం అనేది ఉమ్మడి పార్సర్ (ట్రీని చదివే కోడు) లోపల ఉన్న సడలింపు. ఏ యంత్రం అడిగినా వర్తిస్తుంది, ఎవరు వాడుకున్నారో ఎక్కడా నమోదు కాదు. కొత్త ఫిక్సప్ అలా కాదు. పవర్‌పీసీలో ఓపెన్ ఫర్మ్‌వేర్‌తో మాట్లాడి, ట్రీని బయటికి తీసి, చదును చేసి మిగతా కెర్నల్‌కు అందించే తొలిదశ కోడు ఒకటి ఉంది. ఫలానా యంత్రం అయితే ఫలానా నోడుకు ఈ గుణం చేర్చు అని అక్కడే రాస్తారు. ఎఫికా బోర్డు, పవర్‌మ్యాక్ లాంటి వాటికి అక్కడ పేరుపేరునా ఫంక్షన్లు ఉన్నాయి. తప్పుడు వివరణను గుమ్మం దగ్గరే కడిగి లోపలికి పంపితే, లోపలి కోడు అంతా వివరణ సరైనదే అన్న నమ్మకంతో రాసుకోవచ్చు. ఆ ఫంక్షన్ తీసేయాల్సిన రోజు వస్తే కూడా, ఎవరికి తగులుతుందో దాని పేరులోనే ఉంటుంది.

టంకం గారి పదకొండు పంక్తులు గుమ్మం దగ్గర లేవు, నడింట్లో ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, ఇప్పుడే తీయవద్దు. ముందు ఆ దారి తొక్కిన ప్రతిసారీ బోర్డు పేరుతో సహా ఒక హెచ్చరిక ముద్రించేలా చేయండి. ఒక విడుదల అంతా అలా తిరగనివ్వండి. ఎవరెవరు పట్టుబడతారో చూడండి.

చదువరి:

నేను బోర్డుల మనిషిని కాను, లాప్‌టాప్‌ల వైపు పనిచేస్తాను. ఇటువైపు మరో రకం అతుకు ఉంది. ఏసీపీఐలో ఓఎస్ఐ అనే మెథడ్ ద్వారా, నువ్వు ఫలానా విండోస్‌వా అని ఫర్మ్‌వేర్ అడుగుతుంది, లైనక్స్ అవునంటుంది. కాదంటే ఎవరూ పరీక్షించని దారిలోకి ఫర్మ్‌వేర్ వెళుతుంది కాబట్టి అలా అనక తప్పదు. దీని మీద కొందరు తయారీదారులకు ప్రత్యేకమైన మాటలు కూడా చేరాయి. డెల్ వీడియో కోసం ఒకటి, లెనోవో హెచ్‌డీఎంఐ ధ్వని కోసం ఒకటి, హెచ్‌పీ రెండు గ్రాఫిక్స్ చిప్‌ల యంత్రాల కోసం ఒకటి. ఎన్‌విడియా చిప్‌ను పూర్తిగా నిద్రపుచ్చితే మళ్లీ లేవని లోపం లైనక్స్‌లో ఉన్న రోజుల్లో, లైనక్స్ కనబడితే పాత పద్ధతిలో విద్యుత్తు ఆపు అని ఫర్మ్‌వేర్‌కు చెప్పడానికి డెల్ వీడియో మాటను పెట్టారు. అసలు లోపం పీసీఐ కోడులో సరిచేశాక వీటి అవసరం తీరింది, 2022లో తీసేశారు.

ఇక్కడ అతుకు తీయడానికి ఆధారం పాత యంత్రాలు పోవడం కాదు, మూలకారణం పోవడం. టంకం గారి విషయంలో మూలకారణం ఫ్లాష్‌లో ఉంది కాబట్టి ఈ దారి పనికిరాదేమో. అయినా అతుకు ఏ లోపం కోసం పుట్టిందో రాసి ఉంటేనే అది తీరిందని చెప్పగలం. ‘మొదటి బోర్డు కోసం’ అన్న వ్యాఖ్య ఆ పనికి చాలదు.

టంకం:

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాల తరువాత ఫలితంతో వస్తున్నాను.

గట్టుమీది కెర్నల్ గారు చెప్పినట్టు హెచ్చరిక ముద్రించే ప్యాచ్‌ను పరీక్షశాలలో ఉన్న బోర్డులన్నింటికీ ఎక్కించాను. మొదటి విడత బోర్డు ఒక్కటి బీరువాలో దొరికింది, అది ఊహించినట్టే హెచ్చరించింది. ఊహించనిది ఏమిటంటే, మూడేళ్ల కిందట వచ్చిన బోర్డు కూడా హెచ్చరించింది. అది కూడా ఒకచోటే. నా బల్ల మీద యూ-బూట్ అనే బూట్‌లోడర్ ద్వారా లేస్తే నిశ్శబ్దంగా లేస్తోంది. ఫ్యాక్టరీ పరీక్ష కోసం కెర్నల్ చివర డీటీబీని (కంపైల్ చేసిన డివైస్ ట్రీని) అంటించి నేరుగా లేపితే హెచ్చరిక వస్తోంది. కెర్నల్ అదే, డీటీబీ కూడా అదే.

నిర్ధారణ కోసం పదకొండు పంక్తులూ తీసేసి ఫ్యాక్టరీ పద్ధతిలో లేపాను. సీరియల్ కన్సోల్ మీద ఒక్క అక్షరం రాలేదు. ఇరవై నిమిషాలు కేబుల్‌ను అనుమానించాను. కమాండ్ లైన్‌లో మెమరీ పరిమాణాన్ని నేనే రాసి ఇస్తే వెంటనే లేచింది. హెచ్చరిక దశ లేకుండా నా మొదటి ఆలోచన ప్రకారం తీసేసి ఉంటే, నా బల్ల మీద అన్నీ సవ్యంగా ఉండి, ఫ్యాక్టరీలో లైన్ ఆగిపోయేది.

కాకపోతే ఒక దారిలో తప్పు కనబడి మరో దారిలో ఎందుకు కనబడటం లేదో నాకు ఇంకా అర్థం కాలేదు.

గట్టుమీది కెర్నల్:

మీ డీటీబీని డీటీసీతో తిరిగి చదవగలిగే రూపంలోకి మార్చి చూడండి, మెమరీ నోడులు రెండు కనబడతాయని పందెం. పాత ఆర్మ్ బోర్డు ఫైళ్లు ‘స్కెలిటన్’ అనే ఉమ్మడి ఫైల్‌ను కలుపుకునేవి. అందులో ‘మెమరీ’ పేరుతో, డివైస్ టైప్ రాసి ఉన్న, పరిమాణం సున్నా ఉన్న నోడు ఒకటి ఉండేది. బోర్డు ఫైల్‌లో కూడా ‘మెమరీ’ అనే రాస్తే రెండూ కలిసిపోయి, డివైస్ టైప్ ఉచితంగా వచ్చేది. తరువాత చిరునామా లేని పేర్ల మీద డీటీసీ హెచ్చరికలు మొదలయ్యాక, వాటిని పోగొట్టడానికి చాలామంది నోడు పేరును ‘మెమరీ@80000000’ లాగా మార్చారు. పేర్లు వేరయ్యాయి కాబట్టి రెండూ ఇక కలవవు. డివైస్ టైప్ ఉన్న నోడులో మెమరీ లేదు, మెమరీ ఉన్న నోడులో డివైస్ టైప్ లేదు. కొత్త ఫైళ్లలో స్కెలిటన్‌ను వాడవద్దని తరువాత దాని తలమీదే రాసిపెట్టారు.

యూ-బూట్ సంగతి వేరు. అది కెర్నల్‌ను లేపే ముందు మెమరీ నోడును వెతికి, అసలు పరిమాణాన్ని, డివైస్ టైప్‌ను తానే రాస్తుంది. మీ బల్ల మీద తప్పును కప్పిపుచ్చుతున్నది యూ-బూట్, ఫ్యాక్టరీలో కప్పిపుచ్చుతున్నది మీ పదకొండు పంక్తులు.

టంకం:

విడదీసి చూశాను. నిజంగానే రెండు నోడులు ఉన్నాయి. పేరు మార్చిన కమిట్ (కోడు మార్పు నమోదు) కూడా దొరికింది, ‘డీటీసీ హెచ్చరికను తొలగించడం’ అని నేనే రాసుకున్నాను. పందెం మీరే గెలిచారు.

నిర్ణయం ఇది. కొత్త బోర్డు ఫైల్‌లో స్కెలిటన్ తీసేసి డివైస్ టైప్ చేర్చాను. దాని డీటీబీ ప్రతిసారీ కెర్నల్‌తో కలిసే వెళుతుంది కాబట్టి ఆ తప్పు ఈ విడుదలతో పోతుంది. మొదటి బోర్డు కోసం, బోర్డు గుర్తింపు సరిపోలితేనే గుణాన్ని చేర్చే చిన్న ఫంక్షన్‌ను తొలిదశ బూట్‌లో పెట్టి, ఏ లోపం కోసమో, ఏ విడత కోసమో, ఎలా పరీక్షించాలో పైన రాశాను. నడింట్లోని పదకొండు పంక్తుల్లో ఇప్పుడు హెచ్చరిక మాత్రమే మిగిలింది. రెండు విడుదలల పాటు ఎవరూ పట్టుబడకపోతే అదీ పోతుంది.

సూటిమాట:

పదకొండు తీసి ఎన్ని పెట్టారు?

టంకం:

వ్యాఖ్యతో కలిపి ముప్పై నాలుగు. వ్యాఖ్యే పద్నాలుగు పంక్తులు ఉంది.

అటకమీది మ్యాక్:

ముప్పై నాలుగైనా పేరుపెట్టి రాసినవి, ఫర్వాలేదు. అన్నట్టు, సీరియల్ కంట్రోలర్ ఫిక్సప్ గురించి చెప్పానే గాని, ఆ మార్పు వచ్చాక నా పవర్‌మ్యాక్‌ను కొత్త కెర్నల్‌తో లేపి చూడలేదు. యంత్రం అటక మీదే ఉంది. ఆదివారం దించి, పూర్తి బూట్ లాగ్ ఇక్కడ పెడతాను. మీడియా బే ఉన్న పాత మ్యాక్ లాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే వారు కూడా పెడితే మంచిది, నాది డెస్క్‌టాప్ కాబట్టి ఆ రెండో ఫిక్సప్‌ను నేను పరీక్షించలేను.